తలుపుచాటు బావమరిది

టీవీ స్టూడియో, మేకప్ గది

ఒరేయ్ బావమరిదీ,

నీకు ఫోన్ చేస్తే నీ గొంతుకి బదులు రికార్డు చేసిన అమ్మాయి గొంతు వస్తోంది. శిబిరంలో ఆటగాళ్ళ ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేయించి, న్యాయంగా ఉండాలని నీది కూడా అందులోనే పడేశావని మీ అక్క చెప్పింది. దేశం ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్‌వయ్యావని సంబరపడితే, చివరికి నాకు కాగితం, కలం వెతుక్కునే గతి పట్టించావు. సరుకుల వ్యాన్ డ్రైవర్ చేతికిస్తే నీకు చేరుతుందట కదా, చూద్దాం.

విషయానికొస్తాను. మొన్న ఏం ఆటరా అది? సొంత మైదానంలో, మనకంటే తక్కువ జట్టు మీద, సున్నా సున్నా! పదిమందినీ వెనకే నిలబెట్టావు. ఉన్న ఒక్క ఫార్వర్డూ బంతి ఎప్పుడొస్తుందా అని పెళ్ళివారి బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ప్యానెల్‌లో కూర్చుని పళ్ళు నూరుకోవడం తప్ప నేను చేయగలిగిందేముంది?

యాంకరమ్మ నావైపు తిరిగి, "సార్, మీ బావమరిది ఎందుకింత భయపడుతున్నారు?" అంది. నోటికొచ్చింది చెప్పేశాను. "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. సంబంధం మాట్లాడుకోవడానికి నేను మొదటిసారి వాళ్ళింటికి వెళితే తలుపు వెనక నక్కి నిలబడ్డాడు. ఎంత పిలిచినా బయటికి రాడే! అప్పట్నుంచీ వాడు నాకు తలుపుచాటు బావమరిదే" అన్నాను. కెమెరాలు పట్టుకున్నవాళ్ళతో సహా అందరూ పడీపడీ నవ్వారు. చూసి ఉంటే నువ్వూ నవ్వేవాడివి.

మామగారు ఉండుంటే ఆయనా నవ్వేవారు. ఆ రోజు అందరికంటే పెద్దగా నవ్వింది ఆయనే కదా! అంత గుండె ధైర్యం ఉన్న మనిషి కడుపున పుట్టి నువ్వింత పిరికి ఆట ఎలా ఆడిస్తున్నావో నాకు అంతుపట్టదు.

ఇంకా రెండు ఆటలున్నాయి. కాస్త జట్టుని ముందుకి తోలు. నామీద మూతి ముడుచుకోకు. స్టూడియోలో నేను విశ్లేషకుణ్ణి, ఇంట్లో నీ బావని. రెండూ కలపకు.

నీ బావ

*

శిక్షణ శిబిరం, భోజనాల గది

బావా,

రెండూ కలపకు అంటున్నావు. కలిపిందెవరు? టీవీలో కూర్చుని ఇంట్లో మాటలు వాగిందెవరు?

నీ ఉత్తరం చేరింది. ఉల్లిపాయల బస్తా కింద నలిగి చేరింది. నీ చేతిరాత ఇంకా కోడి గెలికినట్టే ఉంది.

నా పరిస్థితి నీకొక్కడికీ చెబుతున్నాను, ప్యానెల్‌కి మోసుకెళ్ళకు. ముఖ్యమైన ఫార్వర్డ్ మోకాలికి కట్టుతో మెట్లు కూడా దిగలేకపోతున్నాడు. రెండోవాడికి ఇంకా ఈ స్థాయి ఆట అలవాటు కాలేదు. ఈ సంగతి బయట చెబితే అవతలి జట్టు పండగ చేసుకుంటుంది. మిగిలిన రెండు ఆటల్లో ఒక్క డ్రా వస్తే చాలు, టోర్నీకి వెళతాం. రాకపోతే నా కుర్చీ పోతుంది. ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కాఫీ తాగుతూ మొహం మీదే చెప్పాడు. కాబట్టి నాకు గోల్ కొట్టడం కంటే కొట్టించుకోకపోవడం ముఖ్యం. నువ్వు గోల్‌కీపర్‌గా ఆడినవాడివి, ఇది నీకు నేను చెప్పాలా?

నన్ను తిట్టు. ఆట చచ్చుగా ఉందను, కళ్ళు మూతపడ్డాయను, నేనేం అనుకోను. కానీ ఆ పేరు వద్దు. నిన్న విలేఖరుల సమావేశంలో ఒకడు లేచి "తలుపుచాటు గారూ, ఒక ప్రశ్న" అన్నాడు. నా పక్కన కూర్చున్న కెప్టెన్ నవ్వాపుకోలేక నీళ్ళ సీసా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఇంట్లో అన్నావు, ఊరుకున్నాను. బయట మాత్రం వద్దు బావా. కారణం అడక్కు.

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది

*

టీవీ స్టూడియో, క్యాంటీన్

ఒరేయ్,

నువ్వు వద్దన్నావని మా వాళ్ళతో చెప్పాను. ఆలస్యమైపోయింది. వాళ్ళు స్టూడియోలో నిజంగానే ఒక తలుపు నిలబెట్టేశారు. దాని వెనక అట్టతో చేసిన నీ బొమ్మ. యాంకరమ్మ రోజూ టకటకా కొట్టి, "మేనేజర్ గారూ, ఇవాళైనా బయటికొస్తారా?" అంటుంది. జనానికి అది తెగ నచ్చేసింది. నేను వద్దన్నాను. మరీ బల్ల గుద్ది అనలేదు, ఒప్పుకుంటాను. నా కార్యక్రమాన్ని ఇంతమంది చూడటం ఇదే మొదలు, అదీ ఒప్పుకుంటాను.

అయినా ఏమిట్రా నీ గోల? మాట పడలేనివాడివి ఆ కుర్చీ ఎందుకెక్కావు? మేం ఆడే రోజుల్లో గోల్ వదిలితే స్టాండ్స్‌లోంచి చెప్పులు పడేవి. ఏరుకుని పక్కన పెట్టి మళ్ళీ నిలబడేవాళ్ళం. నీకేమో ముద్దుపేరుతో పిలిస్తేనే రోషం పొడుచుకొస్తోంది. అసలు నీకు బంతి తన్నడం నేర్పిందెవరు? రోజూ సాయంత్రం మీ ఇంటికొచ్చి నిన్ను చెయ్యి పట్టుకుని మైదానానికి లాక్కెళ్ళిందెవరు? ఆపాటి చనువు నాకు లేదా?

కారణం అడక్కట! ఏదో దేశ రహస్యం ఉన్నట్టు. ఏముంటుంది కారణం, సిగ్గు. చిన్నప్పుడు అందరికీ ఉంటుంది. నీకది పెద్దయ్యాక కూడా వదల్లేదు, కాళ్ళలోకి దిగి జట్టుకి కూడా అంటుకుంది.

మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. నేను కనబడే వేళకి టీవీ కట్టేసి డాబా మీదికి వెళ్ళిపోతోందట. కంచం బల్ల మీద పెడితే ఆ చప్పుడు పక్కింటికి వినబడుతోంది. ఏమైందే అంటే, "మీ నోటినే అడగండి" అంటుంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను వేపుకు తింటున్నారు.

ఆఖరి ఆటలకైనా ధైర్యం చెయ్యి. బయటికి రా.

బావ

*

ఇంటి నుంచి, ముందుగది

బావగారికి,

నిన్నటి ఆట ఓడిపోయాం. దాని గురించి మీరు గంటసేపు మాట్లాడారని విన్నాను. ఆటగాళ్ళకి ఒక రోజు సెలవిచ్చి ఇంటికొచ్చాను.

ఆట జరిగినంతసేపూ స్టేడియంలో మన జనమే "తలుపు తియ్! తలుపు తియ్!" అని అరిచారు. నా గొంతు మైదానంలోకి వినబడక నేను చేతులు ఊపుతుంటే, దానికీ నవ్వారు. ఇంటికొస్తే గేటుకి అడ్డంగా ఒక పాత తలుపు పడేసి ఉంది. ఎక్కడో పడగొట్టిన ఇంటిది, గొళ్ళెంతో సహా. దాని మీద సున్నంతో "ఇక్కడ దాక్కో" అని రాశారు. నేను, నా భార్య చెరో పక్క పట్టుకుని జరుపుతుంటే రోడ్డు అవతలినుంచి ఎవడో ఫోన్‌లో తీసుకున్నాడు. నా కూతురు బడినుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. అది వెళ్ళేసరికి క్లాసులో పిల్లలంతా తలుపు వెనక ఇరుక్కుని ఉన్నారట. "మీ నాన్న ఆట ఆడుతున్నాం" అన్నారట. దానికి మీరంటే ప్రాణం. "మామయ్య ఎందుకలా చెప్పాడు నాన్నా?" అని నన్ను అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

సిగ్గు అన్నారు కదా. అయితే వినండి.

మీ మామగారు, ఆ గుండె ధైర్యం గల మనిషి, ఇంటికొచ్చేటప్పుడు తలుపు కాలితో తన్ని తెరిచేవాడు. ఆ తలుపు రెక్క గోడకి కొట్టుకునేది కాదు. మధ్యలో నేనుండేవాణ్ణి. అక్కే నన్ను అక్కడ నిలబెట్టేది. ఇంట్లో ఆయన వెతకని చోటు అదొక్కటే, ఎందుకంటే తలుపు తన్నుకుంటూ వచ్చినవాడు తలుపు వెనక చూడడు. రెక్క వచ్చి ఛాతీకి కొట్టుకున్నా కిక్కురుమనకూడదు. బందుల దగ్గర సన్నటి సందు ఉండేది. అందులోంచి ఆయన కాళ్ళు కనబడేవి. మంచం వైపు తిరుగుతాడా, బెల్టు తగిలించిన కొక్కెం వైపు తిరుగుతాడా, అది తేలేదాకా ఊపిరి కూడా బిగబట్టి ఉండాలి. నేను దొరకని రోజు ఆ దెబ్బలు అక్కకి పడేవి. అదీ ఆ సందులోంచే చూశాను.

మీరొచ్చిన రోజు నా పెదవి చిట్లి ఉంది. "వాణ్ణి వచ్చినవాళ్ళకి కనబడనివ్వకు" అని ఆయన అక్కకి చెప్పాడు. అక్క అలవాటుకొద్దీ నన్ను అక్కడే నిలబెట్టింది. మీరు చెప్పులు విడవడానికని పక్కకి జరిగి, రెక్క లాగి, "అరె, తలుపుచాటు బావమరిదీ! బయటికి రావయ్యా!" అన్నారు. నేను చేత్తో నోరు మూసుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా ఆయన నవ్వాడు.

ఎందుకు నవ్వాడో తెలుసా? నేనెక్కడ దాక్కుంటున్నానో ఆయనకి ఆ రోజే తెలిసింది.

మర్నాటి నుంచి ఇంట్లోకి వస్తూనే, "ఏరా తలుపుచాటూ" అని రెక్క లాగేవాడు. మీరు పెట్టిన పేరుతోనే పిలిచి మరీ కొట్టేవాడు. కొన్నాళ్ళకి అక్కని మీరు తీసుకెళ్ళారు. నేను దాక్కునే ఆ చోటు అప్పటికే తీసేసుకున్నారు. తర్వాత రోజూ సాయంత్రం వచ్చి నన్ను మైదానానికి లాక్కెళ్ళారు, నిజమే. ఆయన వచ్చే వేళకి నన్ను ఇంట్లో లేకుండా చేశారు, మీకు తెలియకుండానే. ఆ ఒక్కదానికే ఇన్నేళ్ళూ మీరు ఆ పేరుతో పిలిచినప్పుడల్లా పళ్ళికిలించాను.

ఇక చాలు. పిరికి ఆట అన్నారు. అవతలివాడు ఎటు తిరుగుతాడో తేలేదాకా కదలకపోవడం నాకు మీరు నేర్పలేదు. మీరు నేర్పిందల్లా బంతి తన్నడం.

ఇట్లు
మేనేజర్

*

ఇల్లు, డాబా మీద

ఏమని పిలవాలో తెలియడం లేదు. బావమరిదీ అని రాయబోతే దానిముందు చెయ్యి అలవాటుగా ఆ మాటే రాసేస్తోంది. ఒక కాగితం చింపేశాను. అందుకే పిలుపు లేకుండా మొదలుపెట్టాను.

నువ్వు నన్ను మీరు అన్నావు. ఇంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

మీ అక్క ఇస్త్రీ చేస్తోంది. ఉత్తరం తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల మీద పెట్టాను. చదివి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మోచేతి దాకా జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. ఆ మచ్చ నాకు తెలుసు. మెట్ల మీద పడ్డానని చెప్పింది, నమ్మాను. ఇన్నేళ్ళు కాపురం చేశాను, మీ నాన్న ఇంట్లో మెట్లే లేవన్న సంగతి నాకు తట్టలేదు. "ఎందుకే చెప్పలేదు?" అని అరిచాను. "మా నాన్నంటే మీకు దేవుడు కదా, ఏమని చెప్పను?" అంది. హాల్లో ఉన్న ఆయన ఫొటో దింపేశాను. గోడమీద తెల్లటి చదరం మిగిలింది. దాన్ని చూసినా ఒళ్ళు మండుతోంది. లేచొస్తే ఆ కాలర్ పట్టుకుని అడిగేవాణ్ణి. చచ్చి బతికిపోయాడు!

ఊరికే ఏడుస్తూ కూర్చోను. నేను చేసింది నేనే సరిచేస్తాను. ఆఖరి ఆట అయిన వెంటనే సమాఖ్య సమావేశం ఉంది. ఆ వేళకి నేను ప్రసారంలో ఉంటాను. మొత్తం చెప్పేస్తాను. ఆ తలుపు వెనక ఏం జరిగిందో, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో, నేనెంత గాడిదనో. ఇదే జనం ఏడుస్తారు. నిన్ను అన్న ప్రతి నోరూ మూతపడుతుంది. గెలిచినా ఓడినా నిన్ను ముట్టుకునే దమ్ము సమాఖ్యకి ఉండదు. నువ్వు సరే అను చాలు.

బావ

(కింద, వేరే చేతిరాతతో)

తమ్ముడూ, ఈయన చెప్తే నీ ఉద్యోగం నిలుస్తుందంటున్నారు. నాకవేం తెలియవు రా. నీ ఇష్టం. నా చెయ్యి సంగతి మాత్రం బయట అనొద్దన్నాను. వేళకి తిను. పాపకి నేను ఫోన్ చేస్తాను.

*

శిక్షణ శిబిరం

బావగారూ,

వద్దు.

ఇన్నాళ్ళూ పిరికివాడు అనిపించారు. ఇప్పుడు పాపం అనిపిస్తానంటున్నారు. ఆ రెండిట్లో నాకు మొదటిదే నయం. పిరికివాడు అంటే కనీసం తిరిగి తిట్టొచ్చు.

ఏం జరుగుతుందో చెప్పనా? మీ యాంకరమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. వెనకాల వయొలిన్ వేస్తారు. ఆ తలుపు స్టూడియోలో అలాగే ఉంటుంది, దానిమీద లైటు రంగు మారుస్తారు అంతే. మర్నాడు మైకులు పట్టుకుని అక్క ఇంటిముందు నిలబడతారు. అక్క చెయ్యి సంగతి దాచి, నా పెదవి సంగతొక్కటే చెప్పగలమనుకుంటున్నారా? ఒక పోగు లాగితే చీరంతా ఊడొస్తుంది. నా కూతురికి వాళ్ళ తాతయ్య గురించి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది నేను తేల్చుకోవాలి. అది టీవీలో చూసి తెలుసుకుంటే ఈ జన్మలో మీ గుమ్మం తొక్కను.

నన్ను తీసేస్తే ఆట చూసి తీసెయ్యనివ్వండి. ఉంచితే ఆట చూసి ఉంచనివ్వండి. ఆయన దెబ్బలు చూపించుకుని కుర్చీలో కూర్చుంటే, ఆ కుర్చీ కూడా ఆయనిచ్చినట్టే. నాకక్కర్లేదు.

ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేను అనుకుంటే, మీ పని మీరు సరిగ్గా చెయ్యండి. ఆట గురించి మాట్లాడండి. తప్పు చేస్తే ఉతికి ఆరెయ్యండి. ఇన్నిరోజులుగా ఆ ఒక్క పనీ మీరు చెయ్యలేదు.

ఇట్లు
మేనేజర్

*

ఇల్లు, వంటగది బల్ల

బావమరిదీ,

ఈసారి ఆ మాట ఒక్కటే వచ్చింది, ముందు ఇంకేం రాలేదు. చెయ్యి మెల్లగా నేర్చుకుంటోంది.

నీ ఫోన్ పెట్టెలోంచి నీ చేతికి వచ్చే ఉంటుంది. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నా నోరు నాకు లొంగదు.

ఆట సంగతి నీకు తెలిసిందే. ఆఖరి నిమిషాల దాకా ఆపావు. ఆపి, ఆపి, ఆ ఒక్క గోల్‌తో పోయింది. స్టూడియోలో అందరూ చప్పట్లు కొట్టినట్టు బల్ల మీద కొడుతున్నారు, కొందరికి సంతోషం కూడానేమో. యాంకరమ్మ లేచి తలుపు దగ్గరికెళ్ళింది. "సార్, ఆఖరిసారి మీరే కొట్టండి, మేనేజర్ గారిని బయటికి పిలవండి" అంది.

నేను లేవలేదు. "ఆట గురించి మాట్లాడతాను" అన్నాను. మాట్లాడాను. అలసిపోయిన ఎడమ డిఫెండర్‌ని తీసెయ్యడం సరే, ఆ చోట్లో వింగ్ మీద, అంచు వెంట ముందుకి పరిగెత్తేవాణ్ణి దింపడం తప్పు, గోల్ ఆ ఖాళీలోంచే వచ్చింది అన్నాను. "అది పిరికితనం కాదు. ఎన్నడూ లేనిది తెగించాడు, దెబ్బతిన్నాడు" అన్నాను. వాళ్ళకది రుచించలేదు. "మరి తలుపుచాటు సంగతేమిటి సార్?" అంది. "ఆ పేరు పెట్టింది నేను. తప్పు పేరు. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

అంతే, కుక్కకి వాసన తగిలినట్టు తగిలింది ఆమెకి. "ఎందుకు సార్? ఏం జరిగింది? తలుపు వెనక అసలేముంది?" అని కుర్చీ ముందుకి లాక్కుంది. కెమెరా నా మొహం మీదికొచ్చింది. అవతల సమాఖ్యవాళ్ళు సమావేశంలో కూర్చుని ఇదే చూస్తున్నారని నాకు తెలుసు. ఒక్క మాట. నాలిక చివరే ఉంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను రా. ఎంత కష్టంగా ఉందో! ఆమె మళ్ళీ అడిగింది. లేచి వచ్చేశాను. మైకు వైరు కాలికి చుట్టుకుని ఆ తలుపు మీదే పడ్డాను. అది, నీ అట్టబొమ్మ, నేను, ముగ్గురం కింద. అదంతా ప్రసారమైంది. ఇప్పుడు దేశం నన్ను చూసి నవ్వుతోంది. నవ్వనీ.

రేపట్నుంచి రావద్దన్నారు. నీ కుర్చీ కూడా పోయిందని కాసేపటికే వార్త వచ్చింది. మీ అక్క నెత్తిన ఒకేసారి ఇద్దరు నిరుద్యోగులం పడ్డాం. అయినా ఇవాళ కంచం చప్పుడు లేకుండా పెట్టింది.

చెప్పి ఉంటే నీ ఉద్యోగం నిలిచేదేమో. తలుచుకున్నప్పుడల్లా కోపం తన్నుకొస్తోంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలిరా? నీకు తెలిస్తే చెప్పు, ఇన్నేళ్ళు మోసినవాడివి.

బావ

*

ఇల్లు, పెరటి మెట్లు

బావా,

ఎడమ డిఫెండర్ విషయంలో నువ్వన్నది నిజం. ఆ ఒక్కటే నిజం, పొంగిపోకు. మొదటి సగంలో కార్నర్ల గురించి నువ్వు వాగింది మాత్రం శుద్ధ దండగ.

నువ్వు పడటం మేమంతా చూశాం. పాప మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసింది. దాని నవ్వు విని చాలా రోజులైంది.

గేటు దగ్గర పడేసిన తలుపు ఉంది కదా, దాన్ని పగలగొట్టించేద్దామనుకున్నాను. నేను శిబిరంలో ఉండగానే పాప వాళ్ళమ్మ సాయంతో దాన్ని పెరటి గోడకి ఆనించుకుంది. బడినుంచి రాగానే దానిమీదికి బంతి కొడుతోంది. కొట్టినప్పుడల్లా దభీమని మోగుతోంది. మొదటి రోజు ఆ చప్పుడికి నేను కుర్చీలోంచి లేచి గోడకి అంటుకుపోయాను. నా భార్య చూసి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తనకి అంతా చెప్పాను. పాపకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడా చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాను గానీ, లేచి పరిగెత్తడం లేదు.

కోపం ఎక్కడ పెట్టుకోవాలని అడిగావు. నాకూ తెలియదు బావా. ఇన్నాళ్ళూ నా కోపమంతా నీమీద పెట్టాను. నువ్వు దొరికావు, ఆయన దొరకలేదు. నీమీది కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి?

నిన్న పాప, "నాన్నా, తలుపు ముందు నువ్వు నిలబడు, నేను కొడతాను" అంది. నిలబడ్డాను. అన్నీ వదిలేశాను. "నీకసలు రాదు, మామయ్యని పిలువు, మామయ్య గోల్‌కీపర్ కదా" అంది.

కాబట్టి ఆదివారం అక్కని తీసుకుని వచ్చెయ్. పాత గ్లోవ్స్ ఎక్కడో ఉంటాయి, వెతుక్కో. ఆ తలుపు ముందు నువ్వు నిలబడాలి. బంతి పాప కొట్టదు, నేను కొడతాను. గట్టిగానే కొడతాను, ముందే చెబుతున్నాను.

నీ బావమరిది